పచ్చిక ఎండేది పండక్కి, పురుగు పుట్టేది తొలకరికి

విజయనగరంలో సిరిమాను పండగ దగ్గరపడే రోజుల్లో ఇంటి ముందు లాన్ పెంచుకునేవాళ్ళ నోట ఏటా ఒకటే మాట వినిపిస్తుంది. "మొన్నటిదాకా పచ్చగానే ఉందండీ, వారంలో ఎండిపోయింది." శ్రీకాకుళంలోనూ ఇంతే. వర్షాకాలమంతా కళకళలాడిన గడ్డి, వానలు కాస్త ఎడమివ్వగానే పళ్ళెమంత మచ్చతో మొదలై మంచమంత మేర గోధుమరంగుకి తిరుగుతుంది. నీళ్ళు పెడతారు, పచ్చబడదు. యూరియా చల్లుతారు, ఇంకాస్త మాడుతుంది. ఇక పురుగుమందుల షాపుకి వెళ్తారు. షాపాయన గుళికల ప్యాకెట్ ఒకటి చేతిలో పెడతాడు. చల్లాక కొన్నాళ్ళకి మచ్చలు పెరగడం ఆగుతుంది, మందు భలే పనిచేసిందని నలుగురికీ చెబుతారు.

చాలాసార్లు ఆగింది మందు వల్ల కాదు. పురుగు తిండి మానేసి, కోశంగా, అంటే రెక్కలొచ్చే ముందు కదలకుండా ఉండే ప్యూపా దశగా మారడానికి నేలలో లోతుకి దిగిపోవడం వల్ల ఆగింది. వేళ్ళు తెగింది ఆగస్టు, సెప్టెంబర్‌లలో. మనకి కనబడింది అక్టోబర్‌లో. లాన్ పురుగుల వ్యవహారం చిక్కుపడేది ఇక్కడే. నష్టం కంటపడే రోజు వేరు, పురుగు మన చేతికి చిక్కే రోజు వేరు. కొన్ని పురుగులకి ఈ రెండింటి మధ్య రెండు మూడు నెలలు తేడా ఉంటుంది, కొన్నింటికి రెండు రాత్రులు కూడా ఉండదు. ఏది ఏ రకమో తెలియకుండా అన్నిటికీ ఒకే మందు కొడితే డబ్బు పోతుంది, లాన్ పోతుంది, మధ్యలో వానపాములూ గోరింకలూ పోతాయి.

ఇంకో సంగతి కూడా ముందే అనుకోవాలి. ఈ రెండు జిల్లాల్లోనూ కొత్త ఇళ్ళు లేస్తున్నది చాలావరకు నిన్నమొన్నటి పొలాల్లో. లేఅవుట్ వేసి, గ్రావెల్ పోసి, గోడ కట్టేస్తే పొలం మాయమైందని మనం అనుకుంటాం. పురుగు అలా అనుకోదు. గోడకి అవతల వరి ఉంటుంది, ఇంకాస్త దూరంలో మొక్కజొన్న, చెరకు. వరి, చెరకు, మొక్కజొన్న, గరిక అన్నీ గడ్డి కుటుంబమే. వాటిని తినే పురుగుకి మన లాన్ కొత్త తిండేమీ కాదు. మన దగ్గర లాన్ పురుగుల మీద విడిగా రాసినవి తక్కువే గానీ, ఆ లోటు పెద్దది కాదు. పొలంలో ఆ పురుగుల గురించి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఇంటి ముందుకీ పనికొస్తుంది.

మనవాళ్ళు వేసే గడ్డి రకాలు కూడా కొన్నే. మెక్సికన్ గ్రాస్, కొరియన్ గ్రాస్, గరికలోనే మెరుగైన సెలక్షన్-1, లేదంటే మామూలు గరిక. ఎక్కువగా కడియం నర్సరీల నుంచి మట్టితో సహా చాపలుగా లారీల్లో వస్తాయి. ఆ మట్టిలో ఏముందో ఎవరూ చూడరు. గడ్డి పరిచేముందు నాలుగైదు చాపలు తిరగేసి, వేళ్ళ మధ్య తెల్ల పురుగులు, కణుపుల దగ్గర పిండిలాంటి తెల్లటి పూత ఏమన్నా ఉన్నాయేమో చూసుకుంటే ఆ తర్వాత ఏడాది పాటు పడే తలనొప్పి చాలా తగ్గుతుంది.

అసలు పురుగేనా?

ఎండిన మచ్చ కనబడగానే పురుగు అనుకోవడం మన అలవాటు. నిజానికి ఇంటి లాన్‌లో వచ్చే మచ్చల్లో చాలా వాటికి పురుగుతో సంబంధమే ఉండదు. కుక్క ఒకే చోట మూత్రం పోస్తుంటే మధ్యలో ఎండి, అంచున ముదురు పచ్చగా గుండ్రటి మచ్చ వస్తుంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, ఇటుక ముక్కలు అడుగున పూడ్చేస్తే ఎండాకాలంలో సరిగ్గా ఆ మేరకే గడ్డి మాడుతుంది. వరసగా వాన పట్టి నీళ్ళు నిలిస్తే బూజు తెగులు వలయాలుగా వస్తుంది, ఉదయం పూట దగ్గరగా చూస్తే ఆకు మీద మచ్చో, సన్నటి బూజు దారాలో కనబడతాయి. తీరానికి దగ్గరగా, భోగాపురం, పూసపాటిరేగ, కళింగపట్నం వైపు, కొన్ని బోర్లలో నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళే రోజూ పెడితే ఆకుల చివర్లు కాలినట్టు అవుతాయి. వీటిలో దేనికీ పురుగుమందు పనికిరాదు.

తేల్చుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. మచ్చ అంచున, అంటే పచ్చ, గోధుమరంగు కలిసే చోట, రెండు చేతులతో గడ్డి పట్టుకుని పైకి లాగండి. పరిచిన చాప చుట్టినట్టు మొత్తం ఊడి వచ్చేస్తే కింద వేళ్ళు లేవన్నమాట, అది వేరుపురుగు పని. గట్టిగా పట్టుకుని ఉండి, ఆకులు మాత్రం కొరికినట్టు ఉంటే పైన తినే పురుగు. లాగితే రాకుండా, ఆకు కూడా కొరకకుండా ఉంటే ఇంకేదో కారణం. చచ్చిపోయిన మచ్చ మధ్యలో వెతికితే మాత్రం ఏమీ దొరకదు. తిండి అయిపోయిన చోట పురుగు ఎందుకు ఉంటుంది? ఎప్పుడూ అంచునే వెతకాలి.

రెండో పరీక్ష సబ్బు నీళ్ళది. నాలుగు లీటర్ల నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు కలిపి, ఒక చదరపు గజం మేర నిదానంగా పోసి, కదలకుండా చూడండి. గడ్డి మొదట్లో దాక్కున్న లద్దె పురుగులు, బొరియల్లో ఉన్న కుమ్మరి పురుగులు ఉక్కిరిబిక్కిరై నిమిషాల్లో పైకి వస్తాయి. వేరుపురుగు మాత్రం ఇలా రాదు, దానికి తవ్వాల్సిందే. మూడోది అన్నిటికంటే తేలిక, అయినా ఎవరూ చేయనిది. రాత్రి తొమ్మిది దాటాక టార్చిలైటు పట్టుకుని లాన్‌లో కూర్చోవడం. ఆకు తినే పురుగుల్లో సగానికి సగం పగలు కనబడవు.

వేరుపురుగు: అన్నిటికంటే మొండిది

దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే లాన్‌ని నిజంగా చంపేది ఇదే. వేరుశనగ, చెరకు రైతులకి బాగా తెలిసిన శత్రువు. హోలోట్రైకియా జాతి పెంకు పురుగుల పిల్లదశ ఇది.

బొరిగెతో అడుగు పొడవు, అడుగు వెడల్పున మూడు వైపులా నాలుగంగుళాల లోతు కోసి, గడ్డిని వెనక్కి మడవండి. పురుగు ఉంటే అక్కడే కనబడుతుంది. పాలిపోయిన తెల్లటి ఒళ్ళు, సి ఆకారంలో ముడుచుకుని ఉంటుంది. తల గోధుమరంగు, గట్టిగా. తలకి దగ్గర్లోనే మూడు జతల కాళ్ళు. తోక వైపు చర్మం పలచగా ఉండి, మింగిన మట్టి లోపలి నుంచి నల్లగా కనబడుతుంది. చేతిలో వేసుకుంటే విప్పుకోవడానికి ప్రయత్నించి మళ్ళీ ముడుచుకుంటుంది. అలా తీసిన మట్టిని గుప్పెడు గుప్పెడు విదిలించి లెక్కపెట్టాలి. చదరపు అడుగులో ఒకటో రెండో ఉంటే ఆరోగ్యంగా ఉన్న గడ్డి తట్టుకుంటుంది, వదిలేయండి. లాన్‌ల మీద బాగా పనిచేసిన అమెరికా విశ్వవిద్యాలయాలు ఐదు నుంచి పది వరకు ఉంటేనే మందు గురించి ఆలోచించమంటాయి. మన పురుగు సైజు పెద్దది కాబట్టి నేనైతే ఐదు దగ్గరే జాగ్రత్త పడమంటాను. లాన్‌లో ఒక్క చోట చూసి తేల్చేయకుండా కనీసం నాలుగైదు చోట్ల తవ్వి చూడాలి.

గత్తం (పశువుల పెంట ఎరువు) కుప్పలో దొరికే బొటనవేలంత లావు తెల్ల పురుగుని చూసి చాలామంది హడలిపోతారు. అది కొబ్బరిని తొలిచే కొమ్ము పురుగు పిల్ల. కుళ్ళిన పెంట, చచ్చిన కొబ్బరి మొద్దులే దాని తిండి. 2018 అక్టోబర్‌లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానుకి ఉద్దానంలో కొబ్బరి ఎంతగా కూలిందో తెలిసిందే, అలా కూలిన మొద్దులు తోటలోనే కుళ్ళిపోతే ఈ పురుగుకి పండగ. లాన్ వేళ్ళతో దానికి పెద్దగా పనిలేదు. కొబ్బరి చెట్లు ఉన్నవాళ్ళు మాత్రం దొరికినదాన్ని దొరికినట్టు ఏరి చంపాలి.

ఇక వేరుపురుగు ఏడాది ఎలా నడుస్తుందో చూద్దాం. కార్తెల లెక్కలో చెబితే మనకి బాగా గుర్తుంటుంది. చలికాలం, ఎండాకాలం అంతా నేలలో నిద్రపోయిన పెంకు పురుగులు రోహిణిలోనో మృగశిరలోనో, మొదటి గట్టి వాన పడిన సాయంత్రం, చీకటి పడగానే బయటికి వస్తాయి. నేరుగా వేప, రేగు, మునగ చెట్లెక్కి ఆకు తింటాయి, అక్కడే జతకడతాయి, తెల్లారేలోపు మళ్ళీ మట్టిలోకి పోతాయి. తడి ఉన్న మెత్తటి నేల చూసుకుని గుడ్లు పెడతాయి. చుట్టుపక్కల నేల ఇంకా సరిగా నానని ఆ రోజుల్లో రోజూ పైపు పట్టి తడిపిన లాన్ కంటే అనువైన చోటు వాటికి ఏముంటుంది?

గుడ్లు సుమారు రెండు వారాల్లో పొదుగుతాయి. ఆరుద్ర, పునర్వసులో పిల్ల పురుగులు చిన్నవి, నేల పైపొరల్లోనే ఉంటాయి, మట్టిలోని కుళ్ళు, సన్నటి వేళ్ళు తింటాయి. రెండుసార్లు కుబుసం విడిచి మూడో దశకి వచ్చేసరికి మఖ, పుబ్బ. అసలు తిండి అప్పుడే. వేళ్ళన్నీ కొరికేస్తాయి. అయినా పైన గడ్డి పచ్చగానే ఉంటుంది, ఎందుకంటే వానలు పడుతున్నాయి, మిగిలిన రెండు మూడు వేళ్ళతోనే గడ్డి గడుపుకుంటుంది. హస్త, చిత్తలో వాన ఎడమిచ్చి నాలుగు రోజులు ఎండ కాయగానే మొత్తం బయటపడుతుంది. "వారంలో ఎండిపోయింది" అనే మాట వెనక ఉన్న కథ ఇదీ. ఎండింది వారంలోనే, తినడం మాత్రం రెండు నెలల నుంచి జరుగుతోంది.

అప్పటికి పురుగు పెద్దదై ఉంటుంది, మందుకి లొంగదు. పైగా కోశంగా మారడానికి లోతుకి దిగుతుంటుంది. పైన చల్లిన గుళికలు గడ్డి మొదట్లో పేరుకున్న ఎండు పొరలోనే చిక్కుకుపోతాయి, పురుగు దాకా చేరవు. కనుక అక్టోబర్‌లో చేయగలిగింది మందు కొట్టడం కాదు, గడ్డిని బతికించుకోవడం. వేళ్ళు తెగిన గడ్డికి ఒకేసారి బోలెడు నీళ్ళు పెడితే అందుకోలేదు, కొద్దికొద్దిగా, తరచుగా తడపాలి. ఊడి వచ్చిన భాగాలు తీసేసి, మట్టి తిరగేసి రెండు రోజులు వదిలేస్తే మిగిలిన పని గోరింకలూ కాకులూ చూసుకుంటాయి.

నిజమైన పోరాటం జూన్‌లో. మొదటి వాన పడిన రాత్రి, ఆ తర్వాతి మూడు నాలుగు రాత్రులు, ఏడున్నర నుంచి ఒక రెండు గంటల పాటు వేపచెట్టు కింద దుప్పటి పరిచి కొమ్మలు గట్టిగా ఊపండి. పెంకు పురుగులు టపటపా రాలతాయి. ఏరి కిరోసిన్ కలిపిన నీళ్ళ బకెట్‌లో వేయడమే. వేరుశనగ, చెరకు పండే చోట్ల శాస్త్రవేత్తలు రైతులకి ఏటా చెప్పేది ఇదే. ఒక్క ఇంటివాళ్ళు చేస్తే లాభం కొంచెమే, వీధిలో వేపచెట్లున్న నాలుగిళ్ళవాళ్ళు కలిస్తే ఆ ఏడు తేడా కనబడుతుంది. పిల్లలకి పని అప్పజెబితే ఇంకా త్వరగా అవుతుంది.

గేటు మీద, గోడ మీద రాత్రంతా వెలిగే తెల్లటి ఎల్‌ఈడీ లైట్లు కూడా ఆ రోజుల్లో ఆపేయడమో, పసుపు రంగువి పెట్టుకోవడమో చేయాలి. లాన్ మధ్యలో అలంకారానికి పెట్టే లైట్లైతే పురుగుల్ని చేతులారా పిలిచి కూర్చోబెట్టినట్టే.

పిల్ల పురుగులు పొదిగే జూన్ ఆఖరు, జూలై నెలల్లో జీవ నియంత్రణ బాగా పనిచేస్తుంది. మెటారైజియం అనే శిలీంధ్రం పొడిని బాగా మగ్గిన గత్తంలో కలిపి, సాయంత్రం పూట, తడి నేల మీద చల్లి, మళ్ళీ నీళ్ళు పెట్టాలి. ఎండ తగిలితే ఆ శిలీంధ్రం చచ్చిపోతుంది, అందుకే మిట్టమధ్యాహ్నం చల్లినవాళ్ళు పనిచేయలేదంటారు. అదే వారంలో బూజు తెగులు మందు కొట్టినా పని పాడవుతుంది. ప్యాకెట్ మీద గడువు తేదీ తప్పకుండా చూడండి, షాపులో ఎండకి మగ్గిన పాత సరుకు ఉత్త పొడితో సమానం. కొన్ని వారాల తర్వాత తవ్వితే ఒళ్ళంతా ఆకుపచ్చ పొడి పట్టి గట్టిపడిన పురుగులు దొరుకుతాయి, అది పనిచేసిన గుర్తు. ఇదే కోవలో పురుగుని చంపే నులిపురుగులు కూడా వచ్చాయి. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ హెటిరోరాబ్డైటిస్ ఇండికా అనే నులిపురుగుతో పొడి మందు తయారుచేసింది. వక్క, చెరకు తోటల్లో వేరుపురుగు మీద అది వాడుకలో ఉంది. దాని బారిన పడిన వేరుపురుగు ఇటుక రంగుకి తిరిగి చస్తుంది.

వేపపిండి సెంటుకి రెండు కిలోల లెక్కన తొలకరికి ముందు వేసుకుంటే కొంత అడ్డు. వేపపిండి ఒక్కటే పురుగుని ఆపుతుందని మాత్రం అనుకోకండి. పచ్చి గత్తం ఎప్పుడూ వేయకూడదు. మగ్గని పెంట పెంకు పురుగులకి గుడ్లు పెట్టే చోటు అవుతుంది, ఉన్నవాటిని మనమే మోసుకొచ్చినట్టూ అవుతుంది.

రెండు రాత్రుల్లో ముగిసే కథ

లద్దె పురుగుల తీరు దీనికి పూర్తిగా తిరుగుడు. వేరుపురుగు నెలలు తీసుకుంటే ఇవి రాత్రికి రాత్రే పని కానిస్తాయి. కొన్నాళ్ళు వాన లేక ఎండి, ఆ తర్వాత ఒక్కసారిగా భారీ వాన పడినప్పుడు వరి నారుమళ్ళ మీద గుంపులుగా పడే లద్దె పురుగు గురించి పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. ఒక మడి పూర్తిచేసి పక్క మడికి వరసకట్టి నడుస్తాయి. నారుమడి పక్కనే లాన్ ఉంటే అక్కడికీ వస్తాయి. 2018లో కర్ణాటకలో మొదట కనబడి ఏడాది తిరిగేసరికి దేశంలో చాలా చోట్ల మొక్కజొన్నని పట్టుకున్న కత్తెర పురుగుది కూడా ఇదే వంశం. తల మీద తిరగేసిన వై గుర్తు, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్ల చుక్కలు దాని ఆనవాలు. దాని రెక్కల పురుగు గాలి వాటున ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్ల దాకా పోగలదు. అమెరికాలో ఇళ్ళ లాన్‌లని తినేసే ముఖ్యమైన పురుగుల్లో అదొకటి. మన దగ్గర ఇప్పటిదాకా ఎక్కువగా మొక్కజొన్ననే అంటిపెట్టుకుని ఉంది.

వీటిని గుర్తుపట్టడం కష్టం కాదు. పొద్దున్నే లాన్ మీద కొంగలు, గోరింకలు ఒకే మూల గుంపుగా దిగి పొడుస్తున్నాయంటే అక్కడ లద్దె పురుగులు ఉన్నట్టే. గడ్డి మొదట్లో ఆకుపచ్చటి చిన్న చిన్న రెట్ట గుళికలు, అంచులు కొరికిన ఆకులు కనబడతాయి. సాయంత్రం లాన్ మీద నడుస్తుంటే కాళ్ళ ముందు నుంచి చిన్న లేత గోధుమరంగు రెక్కల పురుగులు వంకరటింకరగా ఎగిరి మళ్ళీ గడ్డిలో కూర్చుంటే అది ఇంకో రకం, గడ్డి మొదట్లో సాలెగూడులాంటి దారాలతో గొట్టాలు అల్లుకుని అందులోంచి తినేది.

కంగారు పడాల్సిన అవసరం తక్కువ అని చెప్పేది దీని విషయంలోనే. ఇవి తినేది ఆకు, వేరు కాదు. మొదలు బతికే ఉంటుంది కాబట్టి నీళ్ళు సరిగా పెడితే రెండు మూడు వారాల్లో గడ్డి తిరిగి చిగురిస్తుంది. ఇంటి ముందు మొత్తం నేల కనబడేటట్టు అయిపోయినా ఇదే మాట. పురుగులు చిన్నవిగా ఉంటే సాయంత్రం వేళ బీటీ మందు (పురుగుని చంపే బాక్టీరియాతో చేసేది), లేదా 1500 పీపీఎం వేప మందు లీటరుకి 5 మి.లీ. చొప్పున పిచికారీ చేస్తే చాలు. వేలెడంత పొడవు పెరిగాక కొట్టినా ఉపయోగం అంతంతే, అప్పటికి వాటి తిండి అయిపోవచ్చింది, కోశాలుగా మారబోతున్నాయి. ఇక్కడ తేడా వారం రోజులే, ఆ వారమే ముఖ్యం.

కుమ్మరి పురుగు సంగతి వేరే. బురదలో ఉన్నా బురద అంటదని సామెతల్లోకి ఎక్కిన పురుగే ఇది. ముందు కాళ్ళు పారల్లా వెడల్పుగా ఉండి, నేల పైపొర కిందనే సొరంగాలు తవ్వుకుంటూ పోతుంది. ఇసుక పాలు ఎక్కువున్న నేలలు దానికి ఇష్టం. తెల్లారి చూస్తే గడ్డి కింద వేలెడు వెడల్పున ఉబ్బిన గీతలు వంకరగా పోయి ఉంటాయి, కాలితో నొక్కితే కుంగుతాయి. అది వేళ్ళు తినడం కంటే మట్టిని వదులు చేసి వేళ్ళని గాలికి ఎండబెట్టడమే ఎక్కువ నష్టం. సబ్బు నీళ్ళ పరీక్ష దీనికోసమే పుట్టిందా అనిపిస్తుంది. ఉబ్బిన గీత మీద పోసి చూడండి. ముందు మట్టి కదులుతుంది, తర్వాత మీసాలు, ఆ పైన గోధుమరంగు ముఖమల్ లాంటి ఒంటితో పురుగు మొత్తం బయటికి పాకి, తడిసిన రెక్కలు ముడుచుకుని అయోమయంగా నిలబడుతుంది. పట్టుకుని బకెట్‌లో వేయడమే. చిన్న లాన్ అయితే వారానికోసారి ఇలా చేస్తూ, ఉబ్బిన చోట్ల కాలితో అదిమి నీళ్ళు పెడితే మందు లేకుండానే అదుపులోకి వస్తుంది. దీన్ని కూడా లైట్లు బాగా లాగుతాయి.

మిగిలినవాటికి రెండేసి మాటలు చాలు. చెదలు ఎక్కువగా తినేది ఎండిన గడ్డినే. లాన్‌లో చెదపట్టు కనబడిందంటే ముందే ఏదో ఎండింది, లేదా మట్టి కింద పాత చెక్కముక్క ఉంది, దాన్ని తీసేయండి. ఇంటి పునాది దగ్గరైతే అది లాన్ సమస్య కాదు, ఇంటి సమస్య. చీమల పుట్టలు చూడ్డానికి బాగోవు గానీ చాలా రకాల చీమలు లద్దె పురుగు గుడ్లని, పిల్లల్ని తింటాయి. కుట్టే ఎర్ర చీమలు పిల్లలు ఆడుకునే చోట ఉంటే ఆ పుట్ట వరకు మరిగే నీళ్ళు పోస్తే సరిపోతుంది, ఆ చారెడు గడ్డి మళ్ళీ వస్తుంది. గరిక కణుపుల్లో తెల్లటి పిండిలా కనబడేది పిండినల్లి. దాన్ని చీమలు కాపలా కాస్తాయి, గడ్డి పసుపు తిరిగి గిడసబారుతుంది. ఆ భాగాన్ని పొట్టిగా కోసి, కోసిన గడ్డి బయట పారేసి, వేపనూనె పిచికారీ చేయాలి. దీపావళి ముందు లైట్ల చుట్టూ కుప్పలుగా పడే పచ్చటి దీపపు పురుగులు వరి చేల నుంచి వచ్చినవి. ఊడ్చి పారేయడానికి విసుగే తప్ప లాన్‌కి వాటితో భయం లేదు.

చంపకూడనివి కూడా ఉన్నాయి. ఆరుద్ర కార్తెలో ఎర్రటి వెల్వెట్ ముద్దలా తిరిగే ఆరుద్ర పురుగు గడ్డి ముట్టదు, వేరే పురుగుల గుడ్లు తింటుంది. వానపాములు తెల్లారేసరికి చిన్న చిన్న మట్టి గుళ్ళు పెడితే లాన్ పాడైపోతోందని మందు వేసేవాళ్ళున్నారు. ఆ మట్టి కంటే మంచి ఎరువు డబ్బు పెట్టినా దొరకదు, ఆరనిచ్చి చీపురుతో చెదరగొడితే చాలు. పందికొక్కు లాన్ తవ్వేసిందంటే దాన్ని తిట్టుకునేముందు అక్కడ కొంచెం తవ్వి చూడండి, వేరుపురుగుల కోసం తవ్విందేమో.

మందు డబ్బా చేతిలోకి తీసుకునే ముందు

మన షాపుల్లో గుళికలు అడిగితే గుళికలు ఇస్తారు, దేనికని ఎవరూ అడగరు. పొడి అంటే ఇప్పటికీ గమాక్సిన్ అనే పేరే నోటికొస్తుంది. ఆ గమాక్సిన్‌లో ఉండే లిండేన్ వాడకం మన దేశంలో 2013 నుంచే నిషేధం. వేరుపురుగుకి ఒకప్పుడు విరివిగా వాడిన ఫోరేట్ గుళికలు 2020 డిసెంబర్ 31తో నిషేధంలోకి వెళ్ళాయి. కార్బోఫ్యూరాన్‌లో 3 శాతం గుళికలు తప్ప మిగిలిన రూపాలన్నీ 2023లో ఆపేశారు. ఆ మూడు శాతం గుళికల్ని గింజలనుకుని తిన్న పిట్ట బతకదు. ఇంటి ముందు, పిల్లలు చెప్పుల్లేకుండా ఆడుకునే చోట, అలాంటిది చల్లడం నాకు ఏ లెక్కన చూసినా సమంజసంగా అనిపించదు. పాత స్టాకు ఉందని ఎవరైనా ఇవ్వబోతే తీసుకోవద్దు.

డబ్బా మీద త్రికోణం రంగు చూడటం అలవాటు చేసుకోండి. ఎరుపు అత్యంత విషపూరితం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, అన్నిటికంటే తక్కువ విషం ఆకుపచ్చ. ఇంటి ఆవరణలోకి ఎరుపు, పసుపు రాకూడదు. అమెరికాలో లాన్ వేరుపురుగుకి ఇప్పుడు బాగా వాడే క్లోరాంట్రానిలిప్రోల్ మన దగ్గర వరి, చెరకు మందుగా ఆకుపచ్చ త్రికోణంతో దొరుకుతుంది. అది నిదానంగా పనిచేస్తుంది కాబట్టి గుడ్లు పొదగకముందే నేలలో ఉండాలి. మళ్ళీ తేదీ దగ్గరికే వచ్చాం చూశారా. సెప్టెంబర్‌లో వేస్తే డబ్బు దండగ. డబ్బా మీద ఉండేది పంటల పేర్లు, ఎకరాల లెక్క. రెండు సెంట్ల లాన్‌కి ఎంత కలపాలో షాపులో అంచనాగా చెప్పిన మాట నమ్మకుండా, పురుగుని ఒక సీసాలో వేసుకుని నైర వ్యవసాయ కళాశాలకో, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికో, విజయనగరం వైపువాళ్ళైతే అక్కడి వ్యవసాయ పరిశోధన స్థానానికో వెళ్ళి చూపిస్తే ఏ పురుగో, ఏ దశో తేల్చి చెబుతారు. వెళ్ళలేనివాళ్ళకి కిసాన్ కాల్ సెంటర్ నంబర్ 1800-180-1551 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. లాన్ అని మొహమాటపడక్కర్లేదు, పురుగు పొలంలోదే కదా.

ఏ మందు వాడినా ఒక జాగ్రత్త మాత్రం మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. లాన్ కోసిన గడ్డి ఎవరూ పారేయరు, వీధిలో ఉన్న ఆవుకో, పనిమనిషి ఇంటి మేకలకో వేస్తారు. మందు పడిన గడ్డి అలా వేయకూడదు. నేలబావి ఉన్న ఇంట్లో బావి చుట్టూ గుళికలు చల్లకూడదు. పెద్ద వాన వచ్చే సూచన ఉన్న రోజు కొడితే మందు కాలవలోకి, అక్కడి నుంచి చెరువులోకి పోతుంది.

ఇంటి చిట్కాల గురించి కూడా ఒక మాట. కిరోసిన్ నేరుగా పోస్తే పురుగుతో పాటు గడ్డి కూడా చస్తుంది. ఉప్పు చల్లితే ఆ చోట ఏళ్ళ తరబడి ఏదీ సరిగా మొలవదు. పచ్చిమిర్చి, వెల్లుల్లి కషాయాలు, నీమాస్త్రం (వేపాకు, ఆవు మూత్రం, పేడతో చేసేది) లాంటివి ఆకు మీది చిన్న పురుగులకి కొంతవరకు పనిచేస్తాయి, నేలలో ఉన్న వేరుపురుగు దాకా వెళ్ళవు.

పురుగు తట్టుకునే గడ్డి కావాలంటే కోతలో, నీళ్ళలో మార్పు చాలు. మనవాళ్ళు గడ్డిని నేలకి అంటేటట్టు కోయిస్తారు, మనిషికి డబ్బులిచ్చాం కదా ఇంకో నెల దాకా కోయక్కర్లేదని. ఆకు పోయినకొద్దీ వేరు కూడా పొట్టిదవుతుంది, పొట్టి వేరు ఉన్న గడ్డికి నాలుగు పురుగులు చాలు. అంగుళం నుంచి రెండంగుళాల ఎత్తు ఉంచి, ఒకసారికి ఆకులో మూడో వంతు కంటే ఎక్కువ తీయకుండా, కొంచెం తరచుగా కోయించాలి. రోజూ సాయంత్రం పైపైన చిలకరించే బదులు వారానికి రెండుసార్లు లోతుగా దిగేలా పెడితే వేరు కిందికి దిగుతుంది, నేల పైభాగం మధ్యమధ్యలో ఆరుతుంది. మే ఆఖరు, జూన్ మొదట్లో ఆ ఆరుదల చాలా పనికొస్తుంది, గుడ్లు పెట్టడానికి వచ్చిన పెంకు పురుగు తడి లేని చోట దిగదు. యూరియా ఎక్కువైతే ఆకు మెత్తబడి లద్దె పురుగులకి ఇంకా రుచి పెరుగుతుంది.

పోయిన మచ్చల్ని పూడ్చడానికి మళ్ళీ కడియం లారీ కోసం చూడనక్కర్లేదు. గరిక, సెలక్షన్-1, మెక్సికన్ గ్రాస్ అన్నీ తీగలు సాగేవే. బాగున్న మూల నుంచి కణుపులున్న ముక్కలు తీసి, మచ్చలో మట్టి వదులు చేసి, మూడు నాలుగంగుళాలకొకటి నాటి, రెండు వారాలు తడి ఆరకుండా చూస్తే అల్లుకుంటాయి. నాటడానికి జూలై, ఆగస్టు నెలలు మంచివి. అక్టోబర్‌లో మచ్చ పడితే వెంటనే నాటినా డిసెంబర్ చలికి నిదానిస్తుంది, సంక్రాంతి దాటాకే ఊపందుకుంటుంది. నాటేముందు ఆ మట్టిని మరోసారి లోతుగా తవ్వి చూడండి. అడుగు లోతులో నునుపైన మట్టి గూడు కట్టుకుని కోశంగానో, అప్పటికే పెంకు పురుగుగా మారి కదలకుండానో ఒకటి రెండు దొరకొచ్చు. వచ్చే జూన్‌లో మీ వేపచెట్టు ఎక్కేవి అవే, తీసి పారేయండి.